ఇనుప బరువు కింది తంతి

మద్దయ్య మంచివాడే. అబద్ధం ఆడినా మంచివాడిలాగే, చప్పుడు పెద్దగా చేయకుండా, రెండు వేళ్లతో మీట నొక్కి ఆడేవాడు.

కడప జిల్లాలో ఒక నేత ఊరు. అక్కడి తంతి ఆఫీసులో ఆయన ఒక్కడే ఉద్యోగి. ఆ ఊరికీ, చుట్టుపక్కల మరో నాలుగు ఊళ్లకూ కలిపి ఒకటే తీగ. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్లు నోరు మూసుకోవాల్సిందే. అందుకని పెద్దాఫీసు గంటకోసారి అన్ని ఊళ్లనూ వరసగా తీగ మీదే అడిగేది, నీ దగ్గర ఎన్ని నిలవున్నాయి అని. ఎవరి దగ్గర ఎక్కువ తంతులు పేరుకుంటే వాళ్లకు తీగ ఎక్కువసేపు ఇచ్చేది. ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు ఉండదు, అడిగినదానికి నిజం చెబితే.

మద్దయ్య చెప్పేవాడు కాదు. ఎనిమిదేళ్ల కిందట తనిఖీకి వచ్చిన దొర ఒకాయన, ఈ బల్ల మీద తంతి నిలవదని పుస్తకంలో మెచ్చుకుంటూ రాసిపోయాడు. ఆ ఒక్క ముక్క మద్దయ్య నెత్తికెక్కి కూర్చుంది. అప్పటినుంచి ఎన్ని పేరుకున్నా "రెండు" అనే కొట్టేవాడు. మిగతావి ఇనుప బరువు కింద పెట్టి, సాయంత్రానికి ఎలాగో పంపేసేవాడు. ఎవరి కొంపా మునగలేదు కదా, ఇందులో తప్పేముందిలే అనుకున్నాడు.

1954 వేసవిలో ఒక రోజు పొద్దున తొమ్మిది దాటాక చౌడమ్మ పరుగున వచ్చింది. చీరలు నేసే ఇంటి మనిషి. తల్లికి ప్రాణం మీదికి వచ్చింది, తమ్ముడు దేవేంద్రప్ప కోయిలకుంట్లలో ఉన్నాడు, వెంటనే బయల్దేరమని తంతి ఇవ్వాలి. అప్పటికే బరువు కింద ఎనిమిది ఉన్నాయి. అన్నీ వేరుశెనగ ధరల కోసం వ్యాపారులు ఇచ్చినవి. వరస తప్పించి పంపకూడదని నియమం. నియమాల విషయంలో మద్దయ్య మహా గట్టివాడు!

పది గంటలకు పెద్దాఫీసు అడిగింది. తొమ్మిది అని చెప్పాలి. వేలు అలవాటు కొద్దీ "రెండు" అని కొట్టింది. రెండింటికి సరిపడా తీగ ఇచ్చి, మిగతా సమయం పక్క ఊరికి ఇచ్చేశారు. పదకొండుకూ అదే జరిగింది.

చౌడమ్మ మళ్లీ వచ్చింది. "పోయిందాప్పా?"

ఆమె కాగితం ఇనుము కింద మద్దయ్యకు కనిపిస్తూనే ఉంది. ఇంకా పోలేదని చెప్పడానికి నోరు రాలేదు. "ఎప్పుడో పోయింది తల్లీ" అన్నాడు.

"మాయమ్మ వాకిలికల్లే చూస్తాండాది. వాడొస్తాండాడని చెప్తా పోయి."

కోయిలకుంట్లలో పన్నెండింటి బస్సు వెళ్లిపోయింది; ఇటు వచ్చేది రోజుకు అదొక్కటే. తంతి రెండు దాటాక వెళ్లింది. ముసలామె వాకిలి వైపు చూస్తూనే పొద్దు గుంకే వేళ పోయింది. కొడుకు మర్నాడు వచ్చి బస్సు దిగాడు.

మద్దయ్యకు అన్నం సయించడం మానేసింది. ముసలి ప్రాణం, ఎలాగూ పోయేదే కదా అని ఒకసారి సర్దిచెప్పుకోబోయాడు. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

పెద్దకర్మ అయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ ఆఫీసుకు వచ్చారు. చౌడమ్మ తమ్ముడి మొహం చూడడం లేదు. దేవేంద్రప్ప నలిగిన తంతి కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"నాకు సదువు రాదప్పా. పొద్దున్నే అందినా మగ్గం దిగలేదని మాయక్క నాతో మాట్లాడేది ఇడిసిపెట్టింది. మద్దేన్నం ఇచ్చినారంటే నమ్మదు. టయాము ఇందులోనే రాసుంటాదంట గదా, సదివి చెప్పు."

"నువ్వు చెప్తే నమ్ముతానప్పా" అంది చౌడమ్మ. "ఆ పొద్దు నాకు నిజం చెప్పినోడివి."

మద్దయ్య కాగితం మీదికి వంగాడు. అందులో రెండు వేళలున్నాయి, తంతి ఇచ్చిన వేళ ఒకటి, పంపిన వేళ ఒకటి. మొదటిది చదివి రెండోది మింగేయొచ్చు. కనిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. ఈ ఇద్దరూ మాత్రం బతికినన్నాళ్లూ మాట్లాడుకోరు.

అంతలో యంత్రం టకటకమంది. పెద్దాఫీసు ఎన్ని నిలవున్నాయని అడుగుతోంది. బరువు కింద ఏడున్నాయి. మద్దయ్య "ఏడు" అని కొట్టాడు. అవతలివాళ్లకు నమ్మకం కుదరక మళ్లీ అడిగారు. మళ్లీ ఏడే కొట్టాడు.

తర్వాత కాగితం చేతికి తీసుకున్నాడు. "తొమ్మిదీ పదికి నువ్విచ్చినావు తల్లీ. రెండూ ఐదుకు నేను పంపినా. అందాకా ఈడే, ఈ ఇనుము కిందే ఉండాది. నీ తమ్ముని తప్పేం లేదు. పోయిందని నీకు అబద్ధం చెప్పినా."

చౌడమ్మ ఆ ఇనుప బరువును చూసింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. గడప దగ్గర ఆగింది.

"వాడొస్తాండాడని మాయమ్మకు నేను చెప్పినా గదప్పా" అంది. "నా నోటితోనే చెప్పినా."