కార్టన్లలో ఊరెళ్లిపోయిన జెర్సీలు

కరోనా తగ్గాక దుబాయ్ పక్కన మా సజ్జా లేబర్ క్యాంపులో పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్ ఇన్నేళ్లకు మొదటిసారి సెమీఫైనల్‌కు వచ్చింది. ఈ సాయంత్రం ఆడకుండానే ఓడిపోయాం. పదకొండు మందిమి దిగాం, జెర్సీలు ఏడే ఉన్నాయి. అందరికీ ఒకే జెర్సీ ఉంటేనే ఆటని టోర్నమెంట్ రూలు. రిఫరీ “ఖలాస్” అని వెళ్లిపోయాడు.

సెలవు మీద ఊరెళ్లే ప్రతివాడూ సబ్బులు, సెంట్లతో పాటు క్లబ్ జెర్సీని కూడా కార్టన్‌లో సర్దేస్తాడు. ఒళ్లు మండి, పోయిన నెల జగిత్యాల వెళ్లిన మా స్ట్రైకర్ గంగాధర్‌కు ఫోన్ చేశాను.

“జెర్సీ ఏదిరా?”

“బామ్మర్ది అడిగితె ఇచ్చిన. దుబాయ్ నుంచి ఒట్టి చేతులతోటి వస్తరా అన్నా? నిరుడు నువ్వు తేలేదా? మీ తమ్ముడు గదే ఏసుకొని ట్రాక్టర్ నడుపుతుండు.”

కెప్టెన్‌ను కదా, ఫోన్ పెట్టేశాను.

మీ ఊళ్లో ఎవరి ఒంటిమీదైనా పచ్చ జెర్సీ కనిపిస్తే ఫోటో పెట్టండి. మా జట్టును నిండుగా ఒక్కసారైనా చూసుకుంటాను.