పూత గుత్తకు గడి లేదు

మధుర కేజీఎఫ్‌లో పుట్టి పెరిగింది. తండ్రి ప్రహ్లాద అక్కడి బంగారు గని ఆఫీసులో గుమాస్తా. గని మూతబడ్డాక కొన్నాళ్ళు ఎవరెవరో ఇంటికొచ్చి, తాము ఫలానా చోట పని చేసినట్టు ఒక్క ముక్క రాసివ్వమని అడిగేవారు. ప్రహ్లాద వాళ్ళకు కాఫీ ఇప్పించేవాడు కానీ రాసిచ్చేవాడు కాదు. తన చేతిలో లేని పని అనేవాడు. కాఫీ తాగి వెళ్ళిపోయే ఆ మనుషులను గడప దగ్గర నిలబడి చూడడం మధురకు చిన్నప్పుడే అలవాటైంది.

పెద్దయ్యాక ఆమె బెంగళూరులో ఒక సంస్థలో చేరింది. పంటల వివరాలను తలా ఒక తీరుగా రాసుకుంటే ఒకరి లెక్క ఇంకొకరి కంప్యూటర్‌కు పనికిరాదు. ఏ గడిలో ఏం రాయాలో అందరూ కలిసి ఒప్పుకున్న పద్ధతి ఒకటి కావాలి. దాన్ని డేటా ప్రమాణం అంటారు. మామిడికి అలాంటి ప్రమాణం తయారు చేసే పని మధురకు అప్పగించారు. రైతులు, మండీ దళారులు, ఎగుమతిదారులు, అధికారులు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒక వారం పాటు ఒకేచోట కూర్చుని తేల్చేయాలి. ఆఫీసు వాళ్ళు దానికి స్ప్రింట్ అని పేరు పెట్టారు. బెంగళూరులో హోటల్ చూద్దామన్నాడు పై అధికారి విజయేంద్ర. మామిడి మాట మామిడి ఊళ్ళోనే తేలాలని మధుర పట్టుబట్టి, శ్రీనివాసపురంలో ఒక కల్యాణ మండపం మాట్లాడింది.

ఆ పట్టుదలకు కారణం గౌనిపల్లి సొన్నమ్మ. ఏటా పూత చూసి తోటను గుత్తకు తీసుకుని, మందు కొట్టించి, కాయ కోయించి మండీకి తోలే మనిషి. చెట్లు భూమి ఆసామి గోపాలప్పవి, పూత నుంచి కాయ దాకా బాధ్యత సొన్నమ్మది. మొన్న ఎండాకాలం వడగళ్ళు పడి కాయంతా రాలిపోతే పరిహారం భూమి పత్రం పహణిలో పేరున్న గోపాలప్పకు వచ్చింది. ఆయన తప్పు చేయలేదు. రాసి ఉన్నది ఆయన పేరే. సర్వేకని వెళ్ళిన మధుర ఈ సంగతి విని, ఈసారి గుత్తదారుకు కూడా ఒక గడి పెట్టిస్తానని సొన్నమ్మకు మాటిచ్చింది.

స్ప్రింట్ హుషారుగానే మొదలైంది. గోడల నిండా రంగు చీటీలు అంటించారు. ఒకే కాయకు మండీలో ఒక పేరు, తోటలో ఒక పేరు, పెట్టె మీద ఇంకో పేరు ఉండడంతో ఆ తగువులో పూటంతా పోయింది. మధుర ముందే ఒక నియమం పెట్టింది. గోడ మీది చీటీకి ఎవరూ అడ్డు చెప్పకపోతే అది అందరూ ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత దాన్ని మళ్ళీ తిరగతోడకూడదు. అలా తోడబోయిన ఒక దళారిని ఆమే గట్టిగా కూర్చోబెట్టింది కూడా.

గురువారం అసలు చీటీ వచ్చింది. రైతు అంటే ఎవరు? పహణిలో పేరున్నవాళ్ళని ఒక చీటీ, గుత్తకు చేసేవాళ్ళను కూడా రాయాలని ఇంకో చీటీ. రెండోది మధుర రాసిందే. గోపాలప్పను భూమి ఉన్నవాళ్ళ తరఫున పిలిచింది, సొన్నమ్మను గుత్తదార్ల తరఫున పిలిచింది. ఒకే ఊరివాళ్ళు కదా అని ఇద్దరినీ ఒకే జీపులో రప్పించి, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. రైతులంతా కలిసి మాట్లాడుకుంటారని ఆమె ఆశ.

సొన్నమ్మను లేచి చెప్పమంది. సొన్నమ్మ లేచి గోపాలప్ప వైపు చూసింది. గోపాలప్ప పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు.

"చెప్పు సొన్నమ్మా, మేడమ్ అడగతా ఉండాది. నా తోట నీకు గుత్తకిచ్చినానా? ఎప్పుడబ్బా? నాకే తెలీదే."

బల్ల చుట్టూ నవ్వులు. సొన్నమ్మ కూడా కాస్త నవ్వింది.

"యాడి గుత్తమ్మా. తోట ఈయప్పది. నేను కాపలా ఉండాను, అంతే."

గుత్త చీటీ తీసేయడానికి అడ్డు చెప్పేవాళ్ళున్నారా అని విజయేంద్ర అడిగాడు. మధుర నోరు తెరవబోయింది. ఆమె కూర్చోబెట్టిన దళారి ఆమె వంకే చూస్తున్నాడు. అడ్డు చెబితే సొన్నమ్మ నోటి మాటనే తిరగతోడినట్టవుతుంది, తోడకూడదనే నియమం ఆమె పెట్టిందే. చీటీ గోడ మీది నుంచి ఊడి, వచ్చేసారి చూద్దామనే మూలకు పోయింది. ఆమె మౌనాన్ని కూడా ఒప్పుకోలుగానే లెక్కేశారు. విజయేంద్ర మంచివాడు. ఆ తల్లి చెప్పింది వృథా పోకూడదని, తోట కాపలాదారు అనే గడి ఒకటి కొత్తగా చేర్పించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చేతులు కడుక్కునే చోట మధుర సొన్నమ్మను పట్టుకుని, అలా ఎందుకన్నావక్కా అని అడిగింది.

"తోట నోటిమాట మీద ఇస్తాడు తల్లీ. నా పేరు రాస్తే రేప్పొద్దున భూమి నాదంటానని ఆయప్పకు బయం. వాళ్ళ తాత కాలంలో గేణికి, కౌలుకు చేసినోళ్ళకే భూములు పోయినాయంట. ఆయప్ప పక్కనే కూర్చోబెట్టి అడిగితివే! తోటకాడికొచ్చి ఒక్కదాన్నే అడిగుంటే చెప్పిందును."

మాట వెనక్కి తీసుకునే వీలు లేదు, ఇప్పుడిక తన చేతిలో లేదు అంది మధుర. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

ప్రమాణం బెంగళూరులో విడుదలైంది. రైతుల మధ్య కూర్చుని తయారు చేసిన మొదటి ప్రమాణమని విజయేంద్ర వేదిక మీద చెప్పాడు. మధురకు పూలగుత్తి ఇచ్చారు, జీతం పెరిగింది. వచ్చేసారి అనే మూలలోని చీటీల గురించి రెండుసార్లు మెయిల్ పెట్టింది. తర్వాత చూద్దామని జవాబు వచ్చింది.

పూత వచ్చే రోజుల్లో ఆమె గౌనిపల్లి వెళ్ళింది. గోపాలప్ప తోటలో ఎవరో ములబాగిలు వ్యాపారి మనుషులు మందు కొడుతున్నారు. సొన్నమ్మ ఇంకొంచెం అవతల, వేరేవాళ్ళ తోటలో, కూలికి కాపలా ఉండి కోతులను తోలుతూ కనిపించింది. ఆ రోజు గుత్త లేదన్నా లాభం లేకపోయింది. పదిమందిలో ఆ ప్రశ్న లేచిందే చాలు గోపాలప్పకు. మనకెందుకొచ్చిన తంటా అని గుత్త మార్చేశాడు. ఈ సంగతి సొన్నమ్మ కోపం లేకుండానే చెప్పింది. కోప్పడితే బాగుండునని మధురకు అనిపించింది.

సొన్నమ్మ కాపలా ఉన్న ఈ తోట వివరాలు కొత్త పద్ధతిలో ఎక్కించారా అని మధుర ఫోన్‌లో చూసింది. ఎక్కించారు. సొన్నమ్మ పక్కకొచ్చి తొంగి చూసింది.

"నా పేరుండాదా?"

"ఉందక్కా."

"ఏమని?"

కాపలా అని ఉంది, అంది మధుర.

"ఆ పొద్దు అబద్దం చెప్పినాను. ఇప్పుడు నిజమే కదమ్మా, ఉండనీ" అంది సొన్నమ్మ. చేతిలో రాయిని కొమ్మల్లోకి విసిరి కోతుల వెంట పోయింది.