ముత్తమ్మవ్వ ఊదిన మందు

సారపాక అవతల ఓ పల్లె దవాఖానాలో నేను నర్సుగా చేరిన కొత్త. ఆయాసమున్న ముత్తమ్మవ్వకు నెలనెలా ఇన్‌హేలర్ గొట్టంలో వేసుకునే పొడి మందు క్యాప్సూళ్లు ఇచ్చి, వాడే తీరు గడగడా చెప్పి, "అర్థమైందా?" అనేదాన్ని. "అవ్ బిడ్డా" అనేది.

మూడో నెల ఆమె రొప్పుతూ వచ్చి బల్ల మీద కూలబడింది. "మందు వాడుతలేవా అవ్వా?" అని అందరి ముందూ గద్దించాను.

"రోజూ గిట్లనే వాడుతున్న గదా!" అంటూ ఇన్‌హేలర్‌లో క్యాప్సూల్ వేసి తిప్పింది. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం ఊదినట్టు ఊదింది. తెల్లటి పొడి నా ముఖాన పడింది.

వరుసలో ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. బతుకంతా పొయ్యి ఊదిన మనిషి, చేతికి గొట్టమిస్తే ఊదక ఏం చేస్తుంది? మాటలతో సరిపెట్టింది నేనే.

పక్కన కూర్చుని, ఖాళీ గొట్టంతో చేసి చూపించాను. "ముందు ఊపిరి బయటనే వదులు. దీన్ని పెదాలతోని గట్టిగ పట్టి, జోరుగ లోపలికి గుంజు. పది లెక్కపెట్టేదాంక బిగబట్టు." మూడుసార్లు చేయించాకే క్యాప్సూల్ వేసిచ్చాను. కాసేపటికి రొప్పు తగ్గింది.

"గుంజాల్నా! గీ ముచ్చట ముందే చూపియ్యొద్దా బిడ్డా?" అంది.

ఇప్పుడు బయట ఎంత వరుసున్నా సరే, "అర్థమైందా?" అని ఎవరినీ అడగను. "ఏదీ, చేసి చూపించు" అంటాను. చూపించందే గుమ్మం దాటనివ్వను.