మల్లేశం గారి ఎర్ర సూర్యుడు

మా పూజగదిలో ఇంకా ఒక పాతకాలపు తీగ బల్బు ఉంది. నాలుగు రోజులు వాడకుండా ఉంచి వేస్తే గాజు మీది దుమ్ము కాలి సన్నని కమురు వాసన వస్తుంది. నిన్న ప్రయాణం నుంచి వచ్చి స్విచ్చి వేశాను. ఆ వాసనకు అగరొత్తి వెలిగించబోతున్న చేయి ఆగిపోయింది. ఫిల్మ్‌నగర్ స్టూడియోలో నిచ్చెన మీంచి నన్ను "బిడ్డా" అని పిలిచే మల్లేశం గారు కళ్ళముందు నిలిచారు.

యూసుఫ్‌గూడలో ఉండే ఆయన మీసం మొలవని వయసు నుంచీ లైట్‌మన్. నేనేమో బడి మెట్లు ఎక్కనిదాన్ని. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల మోతీనగర్‌లోని మా ఇంట్లోనే అమ్మ చదువు చెప్పింది. సర్టిఫికెట్టు లేకపోయినా, దైవకృప వల్ల ఒక సినిమాలో పని దొరికింది. మన సూర్యుడికన్నా చిన్నదీ చల్లనిదీ అయిన ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం, దాని చుట్టూ తిరిగే గ్రహం మీద కథ. ఆ లోకం ఎలా ఉంటుందో చదివి రాసిపెట్టాలి. రాసి ఇచ్చేదాన్ని గానీ నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు.

మొదటిరోజే మల్లేశం గారు నన్ను లైటు ముందుకు పిలిచారు. "అరచెయ్యి చాపు బిడ్డా. మొఖానికి మేకప్ ఉంటది, అబద్ధం చెప్తది. చెయ్యి చెప్పదు." ఏ వెలుగునైనా ఆయన అలాగే చూసేవారు. నాకూ అదే నేర్పారు.

అప్పటికే కొత్త ఎల్‌ఈడీ లైట్లు వచ్చేశాయి. ఆయన వాడే పాత తీగ బల్బుల లైట్లను పాత ఇనుము కింద అమ్మేయాలని స్టూడియోవాళ్ళు నిర్ణయించారు. వాటితోపాటు ఆయనా ఇంటికే. వాటిని తీసుకెళ్ళే బండి వస్తుందన్న రోజునే గ్రహం సెట్టులో వెలుగు పరీక్ష జరిగింది. హీరోయిన్ రాలేదు కాబట్టి ఆమె చోట నన్ను నిలబెట్టారు. ఎల్‌ఈడీలన్నీ రక్తంలా ఎర్రగా వెలిగాయి.

"సూపరండీ! ఎర్ర నక్షత్రమంటే ఇదీ!" అన్నాడు దర్శకుడు.

మల్లేశం గారు మానిటర్‌లోకి తొంగిచూసి, "బిడ్డా, నీ బొట్టేది?" అన్నారు.

ఉలిక్కిపడి నుదురు తడుముకున్నాను. కుంకుమ వేలికి అంటింది. తెరమీద మాత్రం లేదు. ఎర్ర వెలుగులో ఎరుపు కలిసిపోయింది. పెదవులూ పాలిపోయాయి.

"దయ్యాల సినిమా తీస్తున్నమా సార్?"

"ఎర్ర నక్షత్రం ఎర్రగా కాక పచ్చగా ఉంటుందా మల్లేశం గారూ?" దర్శకుడి మాటకు అందరూ నవ్వారు.

జవాబు నా నోట్‌బుక్కులో ఉంది. ఆ పేజీ తెరిచి పట్టుకున్నాను. బయట బండి హారన్ మోగింది. మల్లేశం గారు నావైపు తిరిగి, "రాసింది నువ్వే గదా, గదే చదువు. ఫికర్ చెయ్యకు" అన్నారు.

స్వామిని తలచుకున్నాను. "పేరుకే ఎరుపు సార్. దాని వేడి మన సూర్యుడి వేడిలో దాదాపు సగం. గ్రహం మీద నిలబడి చూస్తే పాత తీగ బల్బు వెలుగులా ఉంటుంది." తలుపు వైపు చేయి చూపించాను. "బయట బండెక్కిస్తున్నారే, అచ్చం వాటి వెలుగు. ఒక్కటి వేసి చూడండి."

మల్లేశం గారు అప్పటికే పరుగెత్తారు. పెద్ద లైటొకటి దొర్లించుకొచ్చి, దండం పెట్టి వేశారు. దుమ్ము కాలిన వాసన, వెనకే తేనెరంగు వెలుగు. అట్టతో చేసిన రాళ్ళకు ప్రాణం వచ్చింది. మానిటర్‌లో నా బొట్టు తిరిగొచ్చింది. దర్శకుడు లేచి, తన అరచేయి ఆ వెలుగులో చాపి చూసుకున్నాడు. తర్వాత కేకేశాడు: "అన్నీ దించేయండి! బండిని ఖాళీగా పంపండి!"

సెట్టంతా చప్పట్లు. "గా సుక్కకు గిప్పుడు నేనే మేస్త్రీని!" అన్నారు మల్లేశం గారు.

ఆ గ్రహం తన సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుందనీ, ఆ వైపు పొద్దు కుంకదనీ చెప్పాను. ఆయన వెంటనే స్టాండు చుట్టూ సుద్దగీత గీసి, షూటింగు అయ్యేదాకా లైటును ఎవరినీ కదపనివ్వలేదు. "సంధ్యవేళే లేకపోతే అక్కడ దీపం ఎప్పుడు పెట్టుకోవాలో?" అని నేను దిగులుపడితే, "అన్నం తినేముందు పెట్టుకో, పొద్దు కుంకకున్నా ఆకలైతే టైముకే అయితది" అని నవ్వారు.

థియేటర్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. 'నక్షత్రకాంతి: మల్లేశం' అని తెరమీద పడగానే ఆయన ఈల వేశారు. నా పేరు వచ్చినప్పుడు ఇంకా గట్టిగా వేశారు.

ఆయన ఇప్పుడు లేరు. పెద్దవాళ్ళ ముందు మాట్లాడాల్సి వస్తే ఇప్పటికీ బల్ల కింద ఒకసారి అరచేయి చూసుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతాను. నిన్న కూడా బల్బు కింద చేయి చాపాను. బొట్టు పెట్టుకున్న వేలికంటిన కుంకుమ ఎర్రగా, స్పష్టంగా కనిపించింది. దీపం పెట్టి, దేవుళ్ళ పేర్ల తర్వాత ఆయన పేరూ చెప్పుకున్నాను.