దొర ఎక్కితేనే మాడే క్లచ్చు

ఖుతుబుద్దీన్ ఉస్తాద్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. పట్నంలో బస్సుల షెడ్డులో పని నేర్చుకుని వచ్చి, సిద్దిపేటలో కరీంనగర్ తోవ పక్కన రేకుల కొట్టం వేసుకున్నాడు. తన చేతిలో బాగుపడని బండి లేదని చెప్పుకునేవాడు, అడగకపోయినా చెప్పేవాడు. అలాంటి మనిషికి భూపతి దొర కారు మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది దొర ఆ కారును ఒక నవాబు దగ్గర కొన్నాడు. విలాయతిలో పందేల కోసం చేసిన రకం. బారెడు ముక్కు, పైన కప్పు లేదు, ముందు ఇద్దరికి, వెనక ఇద్దరికి జాగా. అది వస్తోందంటే చిన్నకోడూరు దాకా కోళ్ళు, మేకలు, మనుషులు అందరూ తోవ వదిలేవాళ్ళు. అంతటి కారు నెల తిరగకముందే క్లచ్చు మాడ్చుకుని, ఎడ్ల వెనక తాడు కట్టించుకుని షెడ్డుకు వచ్చేది. ఇంజను గర్జిస్తుంది, చక్రాలు మాత్రం కదలవు.

మొదటిసారి క్లచ్చు ప్లేటు మీద నూనె కారుతోందన్నాడు ఉస్తాద్. వాషరు మార్చాడు. తర్వాత స్ప్రింగులు మెత్తబడ్డాయన్నాడు. అవీ మార్చాడు. ఆ పైన బొంబాయి నుంచి ప్లేటే కొత్తది తెప్పించాడు. ప్రతిసారీ తన పెద్ద బూట్లు తొడుక్కుని తనే నడిపి చూసేవాడు. వంక పెట్టడానికి ఉండేది కాదు.

డ్రైవరు దుబ్బయ్య మీద అనుమానం రాలేదా అంటే, రాకేం. పక్కన కూర్చుని మరీ వాడి కాళ్ళు చూశాడు. గేరు మార్చగానే వాడి ఎడమ కాలు క్లచ్చు మీది నుంచి దిగి, చెప్పుతో సహా కింద రేకు మీద బుద్ధిగా కూర్చునేది. వాడొక్కడే పెట్రోలు కోసం పట్నం పోయొచ్చినా కారుకు ఏమీ కాలేదు. దొర ఎక్కితేనే మాడుతోంది. బరువు వల్లనా అంటే దొర బక్కపలచని మనిషి. ఉస్తాద్‌కు అన్నం సయించడం మానేసింది.

"గా కారు మీద గంత పావురముంటే దాన్నే నిఖా చేస్కోరాదుండ్రి," అన్నది భార్య రబియాబీ.

నాలుగోసారి దొర స్వయంగా షెడ్డుకు వచ్చాడు. దుబ్బయ్య తలవంచుకుని నిలబడ్డాడు. "ఇంకొక్కపారి ఆగిందనుకో, నువ్వు మళ్ళ మీ నాయిన లెక్క నా పసుల కొట్టంల వెట్టి చేసుకుంట పడి ఉంటవ్," అన్నాడు దొర. వాళ్ళింట్లో వెట్టి నుంచి బయటపడ్డ మొదటివాడు దుబ్బయ్య. ఆ స్టీరింగు పోతే వాడికి మిగిలేది పేడ తట్టే. ఆ మాటకు ఉస్తాద్‌కు ముక్కు మీది కోపం నోటిదాకా వచ్చింది, కానీ దొర మీద అరవలేడు కదా.

క్లచ్చు మళ్ళీ బాగుచేసి, "నేను గూడ వస్త దొరా, ముందట కూసుంట," అన్నాడు.

దొర కారు దగ్గరికి రాగానే దుబ్బయ్య చెప్పులు విడిచి సీటు కిందికి తోశాడు. దొర ముందు చెప్పులేసుకునే మొనగాడు ఆ చుట్టుపక్కల ఎవడున్నాడు? ఉస్తాద్ కూడా బూట్లు విప్పాడు. దొర వెనక కూర్చున్నాడు. కారు కదిలింది.

కొంత దూరం పోయేసరికి ఉస్తాద్ అరికాళ్ళు చురుక్కుమన్నాయి. రేకు కిందే పొగగొట్టం, అది పెనంలా కాలుతోంది. అబ్బా అనుకుని కాళ్ళు పైకి లాక్కున్నాడు. అప్పుడు పక్కకు చూశాడు. దుబ్బయ్య ఎడమ కాలు కింద రేకు మీద లేదు. క్లచ్చు పెడల్ మీద పిల్లిలా కూర్చుని ఉంది.

"ఆపురా," అన్నాడు ఉస్తాద్.

దిగి దొర ముందు నిలబడ్డాడు. "రోగం దొరికింది దొరా. నోటితోని చెప్తే మీరు నమ్మరు. బూట్లు ఇడిచి ముందట కూసోండ్రి."

దుబ్బయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాతోని బూట్లు ఇడిపిస్తవా సాయెబూ?"

"నేను గాదు దొరా. మీ కారు ఇడిపిస్తుంది."

కారు మీది ప్రేమ అలాంటిది మరి, దొర బూట్లు విప్పాడు. ఉస్తాద్ వెళ్ళి దొర జాగాలో దర్జాగా కూర్చున్నాడు. చిన్నకోడూరు రాకముందే దొర కాళ్ళు రెండూ ఎత్తి సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు.

"ఇప్పుడు వాని కాలు చూడుండ్రి," అన్నాడు ఉస్తాద్ వెనక నుంచి. "కాలు కాలుతుంటె పెడల్ మీద పెడ్తుండు. కాలు ఊకె మోపినా సరే, ప్లేటు గట్టిగ పట్టది. జారుకుంట రుద్దుకుంట మాడుతది."

దుబ్బయ్య బండి ఆపి తన కాలును తనే వింతగా చూసుకున్నాడు. "బాంచెన్ దొరా, అది ఎప్పుడు ఎక్కిందో నాకే తెల్వది."

"కింద గోనెపట్ట పరుసుకో," అన్నాడు దొర.

"అది జారి బ్రేకు కింద ఇరుక్కుంటెనో?" అన్నాడు ఉస్తాద్. "ఎనక కూసునేది మీరు గద దొరా."

దొర చాలాసేపు తన అరికాళ్ళు నిమురుకున్నాడు. చివరికి తోవ వైపు చూస్తూ, "చెప్పులు ఏస్కో," అన్నాడు. "కారుల ఉన్నంతసేపే."

ఆ తర్వాత క్లచ్చు మాడలేదు. ఒక అంగడి రోజు ఉస్తాద్ లారీ కింద పడుకుని నట్లు బిగిస్తుండగా కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. లారీ కింది నుంచి అతనికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ముందు రెండు చెప్పులు దిగాయి. తలుపు తీయడానికి వెనక్కి నడిచాయి. తర్వాత దొర బూట్లు దిగి, ఆ చెప్పుల ఎదురుగా ఆగిపోయాయి. అంగడికి పోయేవాళ్ళ ఒట్టి కాళ్ళు కూడా ఎక్కడివక్కడ నిలిచాయి. ఉస్తాద్ నట్టు మీద పానా తిప్పడం ఆపాడు.

చెప్పులు వెనక్కి జరగలేదు.

"చూస్తున్నవేంది దుబ్బయ్యా," అన్నది బూట్ల పైనున్న గొంతు. "ఇంజన్ల నీళ్ళు పొయ్యి, పొద్దు పోతుంది."

చెప్పులు టపటపమంటూ నీళ్ళ కుండ దగ్గరికి నడిచాయి. లారీ కింద ఉస్తాద్‌కు ఆగని నవ్వొచ్చి, చేతిలో పానా జారి ఛాతీ మీద పడింది.