హకీం సాబ్‌కు పంపిన సీసా

మొన్న శుక్రవారం మా ఆడబిడ్డ కొడుకునూ అతని భార్యనూ వెంటబెట్టుకుని మేడ్చల్‌లో కొత్తగా తెరిచిన సంతానం ఆసుపత్రికి వెళ్ళాను. పెళ్ళయి నాలుగేళ్ళయింది, ఇంకా పిల్లల్లేరు. ఆ పిల్ల భయపడుతూ నా పక్కనే కూర్చుంది. కౌంటర్లో ఉన్నామె ఆ పిల్లను చూడనైనా చూడలేదు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మీద మా వాడి పేరు అంటించి, "ముందు మీదే సార్" అని వాడి చేతిలో పెట్టింది. వాడి ముఖం మందారపువ్వులా ఎర్రబడింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, చుట్టూ కూర్చున్న వాళ్ళంతా పాపం పెద్దామెకు ఏమైందోనన్నట్టు చూశారు. ఇదే మాట ముప్పై ఏళ్ళ కిందట, ఏ యంత్రమూ లేని ఒక గదిలో విన్నాను. అది చెప్పినాయన ఇప్పుడు లేడు.

అప్పుడు మేము అత్వెల్లిలో ఉండేవాళ్ళం. మా ఆయన మేడ్చల్‌లో ఒక కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పెళ్ళయి ఆరేళ్ళయింది. నేను బడికి వెళ్ళిన దాన్ని కాదు. మా నాయిన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు, అవ్వ స్తోత్రాలు నేర్పింది. ఆ స్తోత్రాలన్నీ ఆ ఆరేళ్ళలో దేవుడికి ఎన్నిసార్లు వినిపించానో లెక్కలేదు. మొక్కని దేవుడు లేడు, చేయని ఉపవాసం లేదు. మా అత్తమ్మ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఒక్కడే కొడుకు. గౌడవెల్లిలో ఒక పిల్లను చూసింది. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, తండ్రి లేడు, మేనమామల ఇంట్లో ఉంటోంది. రెండో సంబంధమైనా ఇస్తామన్నారు. మా నాయిన ఒప్పుకోలేదు. అత్తమ్మ ఊరుకోలేదు. చివరికి రెండు పక్కల పెద్దలూ ఒక మాట మీదికి వచ్చారు: లోపం ఎవరిలో ఉందో షామీర్‌పేట అవతల ఊళ్ళో ఉన్న హకీం సాబ్ చెప్పాలి. కోడలిలోనే ఉందని ఆయనంటే మా నాయిన అడ్డు రాడు. మా నాయినకు కామెర్లు తగ్గించింది ఆయనే కాబట్టి ఆయన మాటంటే మా ఇంట్లోనూ గురి ఉంది.

హకీం సాబ్ గది అంతా జీలకర్రా, ఎండు గులాబీ రేకులూ, ఇంకేవో వేళ్ళూ కలిసిన వాసన. తెల్ల గడ్డం, మోకాళ్ళ మీద మడతపెట్టిన తువ్వాలు. అత్తమ్మ నా చెయ్యి పట్టి ఆయన ముందుకు చాపింది. ఆయన ముట్టుకోలేదు.

"పిలగాడేడి?" అన్నాడు.

"వానికి డ్యూటీ ఉన్నది హకీం సాబ్. అయినా వానికేం గాలె, గుండు లెక్క ఉన్నడు. గీమెను చూడున్రి."

"నా తాన ఒక్కటే రివాజు అమ్మా. ముందుగాల మొగోని నాడి. ఆడోళ్ళది తర్వాత. నలభై ఏండ్ల సంది గిదే." కాసేపు గడ్డం నిమురుకుని అన్నాడు. "సరే, మనిషి రాకపోతే పొద్దుగాలటి ఒంటేలన్న సీసాల పట్టి తేన్రి. సీసా వస్తే మనిషి దాని ఎనకాలనే వస్తడు."

సీసాలో మూత్రం పట్టివ్వాలన్న ఈ మాట వినగానే మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వారం రోజులు తల్లితో మాట్లాడలేదు. ఆ తర్వాత మంగళవారం పొద్దున అత్తమ్మ కడిగిన పచ్చడి సీసాను పాత చీర గుడ్డలో చుట్టుకుని తయారైంది. కొడుకు మనసు మారిందేమో అనుకున్నాను, అడగలేదు. బస్సులో దాన్ని తీర్థంలా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. పక్క సీటులో ఉన్నామె, "ఏందక్కా, నెయ్యా?" అని అడిగింది. "ఔ, నెయ్యే" అంది అత్తమ్మ, తొణక్కుండా. "బర్రెదా, ఆవుదా?" అని ఆమె మళ్ళీ అడిగేసరికి అత్తమ్మ కిటికీలోంచి షామీర్‌పేట చెరువు వైపు ముఖం తిప్పేసుకుంది.

హకీం సాబ్ పనిచేసే తీరు చూడాలి. ఏ అసహ్యమూ లేకుండా సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. రంగు చూశాడు. మెల్లగా తిప్పి నురగ చూశాడు, అడుగున మడ్డి ఏమైనా పేరుకుందా అని చూశాడు, మూత తీసి వాసన చూశాడు. పూజారి హారతి పళ్ళెం పట్టుకున్నంత శ్రద్ధ ఉంది ఆ చేతుల్లో. తర్వాత వాకిట్లోకి వెళ్ళి బండ మీద నాలుగు చుక్కలు పోసి వచ్చి కూర్చున్నాడు. వానల గురించి, అత్వెల్లిలో జొన్న ఎట్లా ఉందని, తీరిగ్గా మాట్లాడాడు. అరగంట గడిచాక అడిగాడు.

"కొడుకు వయసెంత?"

"ఇరవై ఎనిమిది."

"రాత్రి ఎన్నిసార్లు లేస్తడు?"

"లేసుడేంది హకీం సాబ్! పండుకున్నడంటే మొద్దే. మొకం మీద నీళ్ళు సల్లితెనే లేస్తడు."

"దూప మస్తు అయితదా?"

"ఏం దూప? నీళ్ళు తాగురా అని నేనే ఎంటవడాలె."

"అట్లనా? జర గా బండ దిక్కు చూడమ్మా."

నేనూ తొంగి చూశాను. తడి ఉన్నంత మేరా చీమలు నల్లగా పట్టాయి.

"గీ సీసాల షక్కర్ బీమారి ఉన్నది. గిది దూపైతున్న మనిషిది, రాత్రి నాలుగుసార్లు లేస్తున్న మనిషిది. మీ కొడుకుది కాదు. ఎవలిది?"

అత్తమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "మా తమ్మునిది" అంది చివరికి. "మావోడు ఇయ్యనన్నడు. తమ్మునికి అయిదుగురు పిల్లలు గద, మంచిగ కనవడతదనుకున్న."

ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. "పిల్లలు సీసాల కనవడరు అక్కా! నీ తమ్ముణ్ణి జల్దీ తోలియ్యి, ముందుగాల ఆయనకే దవా గావాలె. నీ కొడుకును ఇగ నువ్వే తీస్కరా."

ఆ పూట నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆ సీసాతో నా సంసారం తేలిపోయేది. ఇంకొకరయితే రంగు మంచిగుందని నా వైపు వేలు చూపించేవాళ్ళే. నన్ను కాపాడింది ఆయన రివాజూ, ఆ అరగంట ఓపికా.

మా ఆయనను కదిలించింది మాత్రం వాళ్ళ మేనమామే. పాపం, చేదు చూర్ణం మింగి నేరుగా మా ఇంటికొచ్చాడు. "అరే అల్లుడా, నీ పనికి నన్ను పట్టిచ్చిన్రు. నా చాయ్‌ల షక్కర్ వాయె, పండుగపూట బూరెలు వాయె. ఇప్పుడన్న నువ్వు పోతవా, నాడి గూడ నన్నే ఇచ్చి రమ్మంటవా?" అన్నాడు. మా ఆయన తల వంచుకుని, మర్నాడు సెలవు పెట్టాడు.

హకీం సాబ్ నాలుగు వేళ్ళు మా ఆయన మణికట్టు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపో అట్లాగే ఉన్నాడు. తిండి, నిద్ర, పని దగ్గర వేడి, బీడీ, చిన్నప్పటి జ్వరాలు, అన్నీ ఒక్కొక్కటే అడిగాడు. ఆఖరికి అత్తమ్మ వైపు తిరిగాడు.

"గవదబిళ్ళలు అయినయా?"

"అందరి పిల్లలకు అయినట్టే అయినయి."

"ఏ వయసుల?"

"మీసాలొస్తున్నప్పుడు."

"చెంపలే వాచినయా అక్కా, కిందికి గూడ దిగిందా?"

అత్తమ్మ తల దించుకుంది. కళ్ళు నేల మీదే ఉన్నాయి. చాలా చిన్న గొంతుతో చెప్పింది. పది రోజులు పిల్లవాడు నడవలేకపోయాడట. ఆముదపాకు వెచ్చచేసి కట్టిందట. పెళ్ళి కావలసిన వాడని ఎవరికీ చెప్పలేదట. తర్వాత తనే మరిచిపోయిందట.

మమ్మల్ని వాకిట్లోకి పంపి, ఆయన పరదా వెనక మా ఆయనను చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని మళ్ళీ పిలిచాడు. "మనిషి మంచిగున్నడు, నాడిల బలమున్నది, సంసారానికేం లోపం లేదు. కని గా వాపు లోపల ఎండవెట్టి పోయింది. పిల్లలు కష్టం. నా చెయ్యి తప్పు గావచ్చు. పట్నంల పెద్ద దవాఖానకు పోన్రి, ఆడ అద్దం కింద పెట్టి చూస్తరు."

"దవా ఇయ్యున్రి హకీం సాబ్, ఎంత చేదైనా తాగిపిస్త" అంది అత్తమ్మ.

"ఎండిన దానికి దవా ఇస్తే నేనే మీకు బీమారినైత."

"మరి కోడలిని చూడరా?"

ఆయన నా వైపు మొదటిసారి నేరుగా చూశాడు. "గా బిడ్డ నాడి పరేషాన్ల ఉంటది, పట్టకున్నా తెలుస్తాంది. గది మీరు పెట్టిన పరేషానే అక్కా."

పట్నంలో రెండుసార్లు పరీక్ష చేశారు. రెండుసార్లూ హకీం సాబ్ చెప్పిందే చెప్పారు. ఆ రోజు ఇంటికి వచ్చాక మా ఆయన గడప దగ్గర నిలబడి, "నువ్వు పోతనంటే పో, నేనేమనుకోను" అన్నాడు. "యాడికి పోవాలె? బియ్యం నానవోసిన, రుబ్బాలె" అన్నాను. అంతకంటే గొప్ప మాట నాకు తోచలేదు. ఆయన రోలు దగ్గర కూర్చుని పిండి తోయడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళుగా ఆ సాయం ఆగలేదు.

మర్నాడు అత్తమ్మ తమ్ముణ్ణి తోడు తీసుకుని గౌడవెల్లి వెళ్ళింది. ఏదో వంక చెప్పి సంబంధం మానుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ ఇంటి వాకిట్లో నిలబడి, "నా కొడుకుల లోపమున్నది. మీ పిల్లను నాకు ఇయ్యకున్రి" అని చెప్పి వచ్చిందట. మా ఆయన మేనమామ ఆ సంగతి చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. సాయంత్రం దీపం పెట్టినప్పుడు ఆమెను తలుచుకుంటాను, హకీం సాబ్‌నూ తలుచుకుంటాను. ఆయన పేరేమిటో ఎప్పుడూ అడగలేదు. దేవుడికి తెలిసే ఉంటుంది.

మాకు పిల్లలు కలగలేదు. ఆ లోటు లేదని రాస్తే అబద్ధమవుతుంది. అయితే గౌడవెల్లి పిల్లను అప్పుడప్పుడు మేడ్చల్ కూరగాయల మార్కెట్లో చూస్తుంటాను. ఎవరో ఒకసారి చూపించారు, అప్పటినుంచి గుర్తుపడతాను. ఆమెకు నేనెవరో తెలియదు. జుట్టు నెరిసింది, గొంతు పెద్దది, టమాటాల వాడితో గట్టిగా బేరమాడుతుంది. పోయిన నెల చంకలో మనవరాలు ఉంది. నేను పక్కకు జరిగి దారిచ్చాను. ఆమె నన్ను దాటి వెళ్ళిపోయింది, ఒకప్పుడు మా ఇంట్లో ఎండిపోవలసిన ఆ ముప్పై ఏళ్ళూ ఆమెతోపాటే నడిచి వెళ్ళాయి.