పుర్రచేతి గీత

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఎదురు ప్రశ్నలు వేసి ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. ఎంత దూరంలో కనబడింది, వెలుతురు ఎటునుంచి ఉంది, అప్పటికి నువ్వు భోంచేశావా అని అడిగేదాన్ని. నల్గొండ హాస్టల్లో నా ముందు ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు. ఇది చదివితే వాళ్లందరూ నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. నేను దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. ఒక గీతను చూశాను, అంతే.

మా వైపు పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్న రోజులవి. స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. మిగతా ముగ్గురూ వేర్‌హౌస్ షిఫ్టుల్లో నడుములు విరగ్గొట్టుకుంటుంటే, బయోటెక్నాలజీ చదివిన పుణ్యాన నాకు ఒక ల్యాబ్‌లో పార్ట్‌టైమ్ పని దొరికింది. ల్యాబ్ పెద్ద మూర్తి గారు, ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ప్రొఫెసర్. చదువయ్యాక ఉద్యోగం రావాలంటే ఆయన ఇచ్చే రిఫరెన్స్ లెటరే నాకు దిక్కు.

పనేమిటో చెబుతాను. గుడ్డులో ఎదుగుతున్న కోడిపిల్ల పిండాన్ని మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా వరుసగా ముక్కలు కోస్తారు. ఒక్కో ముక్కను గాజు పలక మీద పరిచి, మైనం కరిగించి, రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద ఫోటో తీస్తారు. ఆ ఫోటోల్లో గుండె అంచుల వెంట, రక్తనాళాల అంచుల వెంట మేం కంప్యూటర్ మీద పెన్నుతో గీతలు గీయాలి. అవన్నీ వరుసగా పేరిస్తే గుండె నిండు బొమ్మగా తయారవుతుంది.

ముక్కలు కోసిందీ, నాకు గీయడం నేర్పిందీ సుగుణ ఆంటీ. ఆ ల్యాబ్‌లో పాత టెక్నీషియన్. ఆవిడది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే వాళ్ల నాన్న వేళ్ల మీద కొట్టేవారట. నేను ఏ గీతైనా గుళ్లో ప్రదక్షిణ చేసినట్టు గడియారం తిరిగే వైపే చుడతాను. ఆవిడ సరిగ్గా దానికి ఎదురు తిరిగేవారు.

"నాదంతా అప్రదక్షిణమే తల్లీ. ఈ దేశంలో కొట్టేవాళ్లు లేరు కదా," అని నవ్వేవారు.

ఆ గుండె ముక్కల్లో మధ్యది ఒకటి కనబడకుండా పోయింది. కోసేటప్పుడు అలా ఒకటీ అరా పోవడం మామూలే. ఆంటీకి మాత్రం అది మనసులో ముల్లులా ఉండిపోయింది. చలికాలంలో జబ్బు చేసి హాస్పిటల్లో చేరితే చూడటానికి వెళ్లాను. మందుల మగతలో కూడా "ఆ ముక్క దొరికిందా?" అని అడిగారు. లేదన్నాను. ఆవిడ మళ్లీ ల్యాబ్‌కి రాలేదు. పోయారని తెలిసిన రోజు బస్సులో నా పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాను.

పోయిన ముక్కకు ఒక పద్ధతి ఉంది. ముందు ముక్క, వెనక ముక్క చూసి, రెండింటికీ మధ్యస్థంగా ఊహించి గీయాలి. ఆ రెండింట్లో లేనిదేదీ అందులో కొత్తగా పుట్టకూడదు. ఒక మధ్యాహ్నం, పెరుగన్నం డబ్బా కడిగి పెట్టుకుని, కిటికీలోంచి మంచు మీద ఎండ కళ్లలో కొడుతుంటే, ఆ పని చేశాను. కునుకు పట్టలేదు. భయం వేయలేదు. చెయ్యి ఎక్కడా ఆగకుండా సాగిందని మాత్రం గుర్తుంది.

మర్నాడు మూర్తి గారు పిలిచారు. నేను గీసినదాంట్లో గుండె పక్క నుంచి ఒక సన్నని రక్తనాళం కొక్కెంలా వంగి ఉంది. ముందు ముక్కలోనూ లేదు, వెనక ముక్కలోనూ లేదు.

"ఇదెక్కడి నుంచి తెచ్చావమ్మా?"

"తెలీదు సార్."

"తెలీకుండా ఎలా గీస్తావ్? ఇది సైన్స్, ముగ్గు కాదు, చుక్క ఎక్కువైనా పర్లేదనుకోడానికి. ఇలా కల్పించేవాళ్లకి నేను లెటర్ ఎలా ఇస్తాను?"

దొంగతనం చేయకుండానే దొంగనైనట్టు అనిపించింది. ఆ బొమ్మను చెరిపేయమని ఆయన అనలేదు, పక్కన పెట్టమన్నారు. నాకు పని ఇవ్వడం ఆపేశారు.

తర్వాత వారంలో ఆంటీ భర్త, రాఘవ అంకుల్, ఆవిడ ల్యాబ్ కోటు తిరిగి ఇవ్వడానికి వచ్చారు. ఉతికించి ఇద్దామని జేబులు చూస్తే టిష్యూలో చుట్టిన గాజు పలక దొరికిందట. మూర్తి గారు నన్ను పిలిపించి చూపించారు. దాని మూల మీద ఆంటీ రాత, పోయిన ముక్క నంబరు. ఎప్పుడు జేబులో వేసుకుని మరిచిపోయారో ఏమో.

ఇక్కడే మీరు అనుకునేది నేనూ అనుకున్నాను. ఆవిడ ఎప్పుడో చూపించి ఉంటారు, నేను మరిచిపోయి ఉంటాను. కానీ ఆ పలక మీద మైనం అలాగే ఉంది. రంగు పట్టించలేదు. అలాంటి ముక్కలో కంటికి తెల్లటి పొర తప్ప ఏమీ తెలియదు. ఆంటీ అయినా అందులో ఏముందో చూసి ఉండే వీలు లేదు.

మూర్తి గారు స్వయంగా రంగు వేశారు. ఫోటో తెర మీదికి వచ్చింది. గుండె పక్కన సన్నని రక్తనాళం, కొక్కెంలా వంగి. అడ్డంగా పోయింది కాబట్టి ఆ ఒక్క ముక్కలోనే పడింది. నా గీతను దాని మీద పెట్టారు. సరిగ్గా కూర్చుంది.

గీత ఏ చుక్క దగ్గర మొదలై ఎటు తిరిగిందో ఆ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. అది నొక్కి చూశారు.

"నువ్వు గడియారం వైపు కదా గీస్తావ్?" అన్నారు మెల్లగా.

గీత ఎదురు తిరిగి ఉంది. నేను గీసినవాటిలో ఆ ఒక్కటే.

లెటర్ ఇచ్చారు. చాలా మంచి లెటర్. ఇప్పుడు మార్కమ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. ఎడమచేత్తో గీయడానికి ఇంట్లో చాలాసార్లు ప్రయత్నించాను, గీత వణికిపోతుంది.

గుండె బొమ్మ పూర్తయ్యాక ప్లాస్టిక్‌లో అచ్చు తీయించి ఒకటి అంకుల్‌కి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగారు.

"చివరిదాకా ఆ ముక్క గురించే కలవరించేదమ్మా. మరి అది ఎవరు గీశారు?"

నేనే గీశాను అంకుల్ అని చెప్పబోయాను. నోరు రాలేదు.